చిలుక కాలికి మన ఇంటి మందు తగునా?

చిన్న గాయం కనబడగానే మన ఇళ్లలో చేయి మొదట పసుపు డబ్బా మీదికి పోతుంది. పిల్లవాని మోకాలు గీరుకుపోయినా, పెంపుడు చిలుక కాలికి దెబ్బ తగిలినా అదే పసుపు, అదే నూనె. నలభై ఏళ్లుగా మూలికలతోనే వైద్యం చేస్తున్న నేను, పక్షుల విషయంలో ఈ అలవాటు మానుకొనవలసినదని చెప్పడం కొందరికి వింతగా తోచవచ్చు. అయినను చెప్పక తప్పదు. ఆ తప్పు ఒకప్పుడు నేనే చేశాను.

సుమారు ఇరవై ఏళ్ల క్రితం, మార్గశిర మాసంలో ఒక సాయంకాలం, మా వీధిలోని గృహస్థు ఒకరు తమ రామచిలుకను నా వద్దకు తెచ్చారు. పంజరం తీగ గీసుకొని కాలివేలి చర్మం చిట్లింది. రక్తం అప్పటికే ఆగింది. “చిన్న దెబ్బే” అని చెప్పి, జాత్యాది తైలం దట్టంగా పూసి, గుడ్డ పీలిక చుట్టి పంపాను. చిలుక ముక్కుతో కట్టు విప్పుకొని తైలమంతా నాకింది. ఆ ముక్కుతోనే పొట్ట మీది ఈకలు దువ్వుకొన్నది. శాస్త్రోక్తంగా వండిన జాత్యాది తైలంలో మైలుతుత్తం చేరుతుంది. వ్రణం మీద అది ఔషధం, కడుపులోకి పోతే విషం. పైగా నూనె అంటిన ఈకలు ఒంటి వేడిని నిలుపలేవు. మూడవనాటి ఉదయం ఆ గృహస్థుని కుమార్తె మా గుమ్మంలో నిలిచి, “డాక్టరుగారూ, చిన్న దెబ్బే అన్నారు కదండీ!” అన్నది. విషమే చంపినదో, చలియే చంపినదో నిశ్చయించి చెప్పలేను. మందు పూసిన చేయి మాత్రం నాదే.

మన పూర్వులు మనుష్యుని మందునే కొలత పెంచి ఏనుగుకు పెట్టమనలేదు. పాలకాప్యుని పేర గజవైద్యం, శాలిహోత్రుని పేర అశ్వవైద్యం వేరు శాస్త్రాలుగా వెలసినవి. దేహాన్ని బట్టియే మాత్ర. రామచిలుక బరువు సుమారు 120 గ్రాములు. దానిలోని రక్తం 12 మిల్లీలీటర్లకు మించదు. బడ్జీ పిట్టలోనైతే 3 మిల్లీలీటర్లు మాత్రమే. మనకు లెక్కలోనికి రాని నాలుగు చుక్కలు దానికి పెద్ద నష్టం.

అయితే ఇంటిలో చేయదగినదేమి? పావు లీటరు నీరు కాచి, అర చెంచాకు కొంచెం తక్కువ ఉప్పు కలిపి, గోరువెచ్చగా చల్లార్చండి. పక్షిని మెత్తని తువ్వాలులో వదులుగా చుట్టండి. రొమ్మును నొక్కరాదు, రొమ్ము కదలనిదే పక్షికి శ్వాస ఆడదు. ఆ నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డతో గాయాన్ని అద్ది తుడవండి. వేలికి దారం బిగుసుకొన్నదేమో చూడండి. రక్తం కారుతుంటే రెండు మూడు నిమిషాలు మెల్లగా అదిమి పట్టండి. గోరు విరిగి కారుతుంటే గోరు కొనకు మాత్రం మొక్కజొన్న పిండి అద్దవచ్చు. తరువాత వెచ్చగా, నిశ్శబ్దంగా ఉన్న చోట ఉంచి, అడుగున కాగితం రోజూ మార్చండి. తైలాలు, లేపనాలు, మనం మింగే నొప్పి మాత్రలు బొత్తిగా కూడవు. పది నిమిషాలకు రక్తం ఆగకున్నా, వేలు నల్లబడినా, వాచినా, కాలు మోపకున్నా, మేత మానినా, ఈకలు ఉబ్బించుకొని ముడుచుకొని కూర్చున్నా ఆలస్యం చేయక పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను.

ఇక నిదాన పరివర్జనం, అనగా రోగకారణాన్ని తొలగించడం. ఇక్కడ ఆయుర్వేద దృష్టి పూర్తిగా పనికివస్తుంది. ఒకే లావు గల నున్నని కర్ర మీద రాత్రింబవళ్లు నిలిచిన పక్షికి అరికాలిలో ఒకే చోట ఒత్తిడి పడి పుండు పుడుతుంది. మందు చల్లని జామకొమ్మలు, వేపకొమ్మలు సన్నవి, లావువి కడిగి అమర్చండి. గింజలు మాత్రమే తినే పక్షికి ఎ విటమిను చాలక చర్మం బలహీనమవుతుంది. క్యారెట్టు, గుమ్మడి, మునగాకు పెట్టండి. పంజరంలో మొన తేలిన తీగలను వంచివేయండి.

మరొక మాట. రామచిలుకను పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆనాడు ఆ గృహస్థుకు నేను ఈ మాటా చెప్పలేదు. గాయపడిన రామచిలుక మీకు దొరికితే, గాలి ఆడే పెట్టెలో ఉంచి అటవీశాఖ వారికి అప్పగించండి.

మన మందు ఎక్కడ పనిచేయదో చెప్పడం వలన ఆయుర్వేదానికి చిన్నతనం రాదు. మాత్ర ఎరుగని చేతిలో పసుపు డబ్బా కంటె, ఆ పిట్టకు గ్లాసెడు ఉప్పునీరే మేలు.