చార్జింగ్ లైటు వెలగలేదా? ముందు చెయ్యి ఆపండి!

వానలు మొదలయ్యాయి. పొలం గట్ల మీద రాత్రి తిరుగుడు పెరిగింది. అటక మీద, దూలం సందున పడి ఉన్న చార్జింగ్ లైట్లన్నీ కిందికి దిగుతున్నాయి. నెలల తరబడి వాడకుండా ఉంచినవి కాబట్టి వాటిలో చాలా వెలగవు. వెలగని లైటుకు మనం చేసే మొదటి వైద్యం అరచేత్తో రెండు దెబ్బలు. రెండోది మూత విప్పి సెల్లు బయటికి లాగడం. అసలు ప్రమాదం ఆ రెండో వైద్యం దగ్గర మొదలవుతుంది.

పాత సెల్లులతో మనకు కొన్ని అలవాట్లు పడ్డాయి. నీరసించిన సెల్లును ఎండలో పెట్టేవాళ్లం, పంటితో నొక్కేవాళ్లం, పొయ్యి గట్టు మీద వెచ్చబెట్టేవాళ్లం. కాసేపైనా వెలిగేది. ఆ జింకు సెల్లులో శక్తి తక్కువ కాబట్టి ఈ మొరటుతనాన్ని ఓర్చుకుంది. ఇవాళ లైట్లలో, తలకు కట్టుకునే హెడ్‌లైట్లలో ఎక్కువగా వస్తున్నది లిథియం అయాన్ సెల్లు. దాని లోపల మండే ద్రవం ఉంటుంది. రెండు ధ్రువాల పొరల మధ్య అడ్డుగా ఉండేది పలుచని ప్లాస్టిక్ పొర మాత్రమే. నొక్కినప్పుడో, వేడి చేసినప్పుడో ఆ పొర దెబ్బతింటే సెల్లు లోపలే షార్టవుతుంది. ఒకసారి వేడి అందుకున్నాక తనను తానే ఇంకా వేడెక్కించుకుంటూ పోతుంది. దాన్ని ఆపే స్విచ్చి ఎవరి చేతిలోనూ ఉండదు. ఎండ వైద్యం, పంటి వైద్యం దీనికి పనికిరావు. పిల్లలు చేస్తుంటే లాక్కోండి.

లైటు వెలగకపోతే సెల్లునే అనుమానించనక్కర్లేదు. వెనక మూత మర సగమే బిగిసి ఉండొచ్చు. స్ప్రింగు మీద, లోపలి రేకు మీద తెల్లగానో పచ్చగానో చిలుము పట్టి ఉండొచ్చు. సెల్లు తీసి పక్కన పెట్టి, పొడిగుడ్డతోనో పెన్సిల్ రబ్బరుతోనో ఆ చిలుము తుడవండి. మర మీద మట్టి దులపండి. ప్లస్ ఎటు, మైనస్ ఎటు అన్నది చూసి వేయండి. చాలా లైట్లు ఈ మాత్రానికే వెలుగుతాయి. పెన్సిల్ సెల్లులతో వెలిగే రకమైతే అన్నీ ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి వేయాలి. కొత్తదానితో పాతది కలిపితే బలహీనమైనది తిరగబడి చార్జయి కారుతుంది. రీచార్జిబుల్ అని రాసిలేని మామూలు సెల్లును చార్జరులో పెట్టకూడదు. అది కారుతుంది, ఒక్కోసారి పేలుతుంది.

లిథియం సెల్లును చేతిలోకి తీసుకున్నప్పుడు దాని పైచొక్కాను తప్పక చూడాలి. 18650 అనే రకం మన దగ్గర ఎక్కువ. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. దాని ఇనుప ఒళ్లంతా మైనస్సే. పైన బొడిపె మాత్రం ప్లస్. ఆ బొడిపె చుట్టూ ఉన్న అంచు కూడా మైనస్సేనని చాలామందికి తెలియదు. రెంటినీ వేరుచేసేది ఒక సన్నని ప్లాస్టిక్ చుట్టు, దాని మీది ప్లాస్టిక్ తొడుగు. పై అంచు దగ్గర తొడుగు గోరంత చిరిగినా, లైటులోని రేకు అక్కడ తగిలితే షార్టే. చిరిగిన సెల్లు లైటులో వేయొద్దు. జేబులో తాళాలతో, చిల్లరతో కలిపి పెట్టుకోవద్దు.

బొత్తిగా చార్జి ఎక్కని సెల్లును బైకు బ్యాటరీకి తగిలించి ‘లేపడం’ చాలాచోట్ల చూస్తున్నాం. ఇది చెయ్యొద్దు. లిథియం సెల్లు నిండితే 4.2 వోల్టులు. బైకు బ్యాటరీ 12 వోల్టులు. వోల్టులు మరీ కిందికి పడి రోజుల తరబడి ఉన్న సెల్లులో రాగి కరిగి, మళ్లీ చార్జి చేసినప్పుడు ముళ్లలా పేరుకుని లోపల షార్టు చేస్తుంది. అది లేచినట్టు కనిపించి, రాత్రి పడక పక్కన చార్జవుతూ మండొచ్చు. చచ్చిన సెల్లు చచ్చిందే.

గోడ ప్లగ్గులో నేరుగా గుచ్చే పెద్ద లైట్లది వేరే ప్రమాదం. వాటిలో ఎక్కువగా 4 వోల్టుల సీసం బ్యాటరీ ఉంటుంది. చౌక రకాల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఒక చిన్న కెపాసిటర్‌తో సరిపెడతారు. అంటే ప్లగ్గులో ఉన్నంతసేపూ బ్యాటరీ కాళ్లు సహా లోపలి ప్రతి తీగా 230 వోల్టుల ఇంటి కరెంటుతో కలిసే ఉంటుంది. చార్జింగ్‌లో పెట్టి, మూత విప్పి, ఎక్కడ తెగిందో వెతికే మనిషి పట్టుకుంటున్నది కరెంటు తీగనే. ప్లగ్గు పీకిన వెంటనే ఆ పిన్నులను వేళ్లతో తాకినా కెపాసిటర్‌లో మిగిలిన చార్జి కొట్టొచ్చు. తడి చేతులతో, వాన నీళ్లు దిగిన లైటుతో ఈ పని అసలే వద్దు.

అమ్మేవాళ్ల పాపం కూడా చిన్నది కాదు. సెల్లు మీద సామర్థ్యం 9,800 ఎంఏహెచ్ అని అచ్చేసి సంతలో పోస్తున్నారు. పేరున్న కంపెనీల 18650 సెల్లు కూడా 3,500 దాటడం అరుదు. ఆ అంకె చూసి కొన్నవాడు మోసపోయినట్టే. ఇలాంటి సెల్లులకు ఐఎస్ 16046 ప్రమాణం కింద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు సెల్లు మీద ఉండాలి. అధికారులు సంతల్లో, బస్టాండు దుకాణాల్లో తనిఖీ చేయాలి. అదీ వానాకాలం అయిపోయాక కాదు, ఇప్పుడు.

ఇంత చెబుతున్నది లైటు మానేయమని కాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. అందులో దాదాపు సగం జూన్, సెప్టెంబరు మధ్యనే. మన తెలుగు నేల ఆ భారం ఎక్కువగా మోస్తున్న ప్రాంతాల్లో ఒకటి. కట్లపాము తిరిగేది రాత్రే. చీకట్లో మడికి నీళ్లు కట్టే మనిషికి వెలుగు కావాలి, ఆ వెలుగు నమ్మకమైనది కావాలి. అనుమానమున్న లైటుతో గట్టెక్కొద్దు.

సెల్లు ఉబ్బినా, కారినా, చార్జింగ్‌లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా దాన్ని వాడటం ఆపండి. దానికి మేకు గుచ్చొద్దు, చెత్తకుప్పలో పారేయొద్దు, పొయ్యిలో వేయొద్దు. రెండు కొసలకూ టేపు వేసి, ఇసుక పోసిన రేకు డబ్బాలో ఇంటి బయట ఉంచి, పాత బ్యాటరీలు తీసుకునేచోట ఇవ్వండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. చార్జవుతుండగా మంటే వస్తే ముందు మెయిన్ ఆపండి, మనుషులను బయటికి పంపండి, పొగ పీల్చకండి, 101కు ఫోన్ చేయండి.

ఇవాళ రాత్రి పడుకునే ముందు మంచం పక్కన, పరుపు మీద చార్జవుతున్న లైటు ఉంటే ప్లగ్గు తీసేయండి. రేపటి నుంచి గచ్చు మీద, కనుచూపు మేరలో పెట్టి, మీరు మేలుకుని ఉన్నప్పుడే చార్జి చేయండి.