ఆకాశమంత పందిరి సరే... మరునాటి చెత్త ఎవరికి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: ఆకాశమంత పందిరి, భూదేవంత అరుగు అనేది ఒకప్పుడు పెళ్లి వైభవానికి కొలమానం. ఊరూరా కల్యాణ మండపాలు వెలిసిన తర్వాత అది మాటగానే మిగిలింది. ఇప్పుడు ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఆరుబయలు పెళ్లిపై మళ్లీ మోజు పుడుతోంది. మామిడి తోటలో ముహూర్తం, పొలం గట్టున విందు, కొండ వాలులో రిసెప్షన్ అంటే బెంగళూరులో కొలువు చేస్తున్న యువతకు ముచ్చటే. దానికి ‘పర్యావరణహిత వివాహం’ అన్న గౌరవమూ తోడవుతోంది.

అయితే పందిరిని ఆరుబయట వేసినంత మాత్రాన పెళ్లి పచ్చనిదైపోదు. నిజానికి ఈ విషయంలో మండపమే కొంత మేలు. అక్కడ కుళాయి ఉంటుంది, మురుగు కాలువ ఉంటుంది, మరుగుదొడ్లు ఉంటాయి, పురపాలక సంఘం చెత్త బండి వచ్చి ఆగే గేటు ఉంటుంది. తోటలో వీటిలో ఒక్కటీ ఉండదు. వెయ్యి మంది తిని లేచిన తర్వాత మిగిలినదంతా గాలికి, వానకు, పశువులకు వదిలేయడమే జరుగుతుంది. కాబట్టి ఇటువంటి పెళ్లిని ముహూర్త సమయాన కాదు, మరునాటి ఉదయం ఆ స్థలాన్ని చూసి బేరీజు వేయాలి.

చప్పరం నాటి లెక్క

ఈ ప్రాంతంలో పెళ్లి పందిరిని చప్పరం అంటారు. ఇంటి ముందు గుంజలు నాటి, టెంకాయ మట్టలు, కానుగ మండలు పరచి, మామిడాకుల తోరణం కట్టి, గుమ్మానికి ఇరువైపులా గెలలున్న అరటి చెట్లు నిలిపేవారు. విందు ఆకుల్లోనే సాగేది. అరటి ఆకు దొరకని మెట్ట పల్లెల్లో మోదుగ ఆకులను పుల్లలతో కుట్టిన విస్తళ్లు వాడేవారు. పెళ్లి ముగిశాక మట్టలు పొయ్యిలోకి, విస్తళ్లు పెంటదిబ్బలోకి, అరటి బోదెలు పశువుల కొట్టంలోకి చేరేవి. ఇదంతా ప్రకృతి ప్రేమతో చేసినది కాదు. ఊళ్లో వేరే సరుకు దొరికేది కాదు, అంతే. ఆ రోజులు తిరిగి రావాలని కోరుకోవడం వల్ల ప్రయోజనం లేదు. ఆ పద్ధతిలో ఒక గుణం మాత్రం గమనించదగినది. చప్పరంలోకి వచ్చిన ప్రతి వస్తువూ పెళ్లి తర్వాత ఎక్కడికి పోతుందో ఇంటి పెద్దకు ముందే తెలుసు. నేటి పెళ్లిలో ఆ సంగతి ఇంటివారికీ తెలియదు, క్యాటరింగ్ గుత్తేదారుకూ పట్టదు.

గీతకు అటు నేరం, ఇటు వ్యాపారం

చట్టాలు లేక కాదు. కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలను సవరించి, 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారవేసే పలు వస్తువులను నిషేధించింది. ఆ జాబితాను చదివితే అది పెళ్లి సామగ్రి పట్టీలా కనిపిస్తుంది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, ట్రేలు, మిఠాయి పెట్టెలకు, శుభలేఖలకు చుట్టే పలుచని పొర, అలంకరణకు వాడే థర్మాకోల్, 100 మైక్రాన్ల లోపు బ్యానర్లు అన్నీ అందులో ఉన్నాయి. చేతి సంచులు 120 మైక్రాన్ల కన్న పలుచగా ఉండరాదన్న నిబంధన 2022 డిసెంబరు 31 నుంచి అమలులోకి వచ్చింది.

లోపం వేరే చోట ఉంది. లోపలి వైపు ప్లాస్టిక్ పూత పూసిన కాగితం గ్లాసు, వెండిరంగు మెరుపు అంటించిన కాగితం ప్లేటు కేంద్రం జాబితాలో విడిగా ప్రస్తావనకు రాలేదు. మన పెళ్లిళ్లలో ఎక్కువగా కనిపించేవి అవే. కుప్పం సరిహద్దు దాటితే పరిస్థితి తారుమారవుతుంది. తమిళనాడు 2019 జనవరి 1 నుంచి అమలు చేసిన నిషేధంలో పూత పూసిన కాగితం ప్లేట్లు, గ్లాసులు కూడా ఉన్నాయి. తయారీదారులు సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, 2023 అక్టోబరులో ఆ న్యాయస్థానం కాగితం గ్లాసులపై రాష్ట్ర నిర్ణయాన్ని సమర్థించింది. వాణియంబాడి వైపు నిషిద్ధమైన గ్లాసు కుప్పంలో మామూలు సరుకు. బంధుత్వాలు మూడు రాష్ట్రాలకు విస్తరించిన ఈ ప్రాంతంలో, పెళ్లి ఏ వైపు జరిగితే ఆ వైపు చట్టం!

ఈ పూత కేవలం చెత్తకు సంబంధించినది కాదు. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం కాగితం కప్పులో 15 నిమిషాలు ఉంటే దాదాపు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులో కలుస్తాయి. పెళ్లిలో కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకోవడానికి పట్టే సమయం అంతకు తక్కువేమీ కాదు.

నీళ్ల సీసా, స్టీలు కంచం

ఇక నీళ్ల సీసాలు. వెయ్యి మంది వచ్చే విందులో తలకు రెండు పావు లీటరు సీసాలనుకుంటే 2,000 సీసాలు పోగవుతాయి. వాటన్నింటిలో పట్టే నీరు 500 లీటర్లు. అంటే 20 లీటర్ల క్యాన్లు 25 తెప్పించి, ఒక్కో వరుసకు చెంబు పట్టుకుని వడ్డించే ఇద్దరు మనుషులను నియమిస్తే ఈ సమస్యే లేదు. సీసా ఇవ్వకపోతే మర్యాద తక్కువవుతుందన్న శంక తప్ప మరో అడ్డంకి కనిపించదు.

కంచాల విషయం అంత సులువు కాదు. తెలంగాణలోని సిద్దిపేట ప్రాంతంలో మహిళా సంఘాల ద్వారా స్టీలు బ్యాంకులు నడుస్తున్నాయి. శుభకార్యాలకు కంచాలు, గ్లాసులు అద్దెకు తీసుకుని, వాడి, తిరిగి అప్పగించడం వాటి పద్ధతి. ఆదర్శంగా చెప్పదగినదే. అయితే పడమటి మండలాలు వానకు మొగం వాచే నేలలు. ఇక్కడ వందల అడుగుల లోతు బోర్లే దిక్కు, వేసవిలో ట్యాంకరు నీళ్లే దిక్కు. ఒక్కో కంచం తోమడానికి రెండు లీటర్లు చాలనుకున్నా వెయ్యి కంచాలకు 2,000 లీటర్లు కావాలి. హంద్రీ-నీవా జలాలు 2025 ఆగస్టులో కుప్పం దాకా చేరాయి గానీ, కాలువలో నీరు కనిపించినంత మాత్రాన తోటలో పెళ్లికి కుళాయి రాదు. అందుచేత నీటి వసతి ఉన్న పట్టణ మండపంలో స్టీలు కంచం, పొలంలో జరిగే విందుకు ఆకు విస్తరి అన్నది ఈ నేలకు తగిన నియమం. కర్ణాటక వైపు నుంచి వచ్చే వక్క పట్టల ప్లేట్లు మన్నికైనవే, ధరే ఎక్కువ. మోదుగ విస్తళ్లు చవక. వాటిని కుట్టేవారికి ముందుగా చెబితేనే దొరుకుతాయి. శుభలేఖలు అచ్చుకు ఇచ్చే రోజే విస్తళ్లకూ బయానా ఇవ్వడం మంచిది.

ఆవుకు పెట్టే అన్నం

ఈ చర్చలో తరచు మరుగున పడే అంశం పాడి పశువులది. చినుకు రాలని ఏడాది కూడా ఇక్కడి రైతు కుటుంబాన్ని నిలబెట్టేది పాలే. పుంగనూరు పొట్టి ఆవు పేరు దేశమంతటికీ తెలుసు. 2024 సంక్రాంతి నాడు ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఢిల్లీలోని తన నివాసంలో ఆ జాతి ఆవులకు మేత తినిపించిన చిత్రాలు ఊరూరా తిరిగాయి. ఆ జాతికి పేరిచ్చిన పట్టణం చుట్టుపక్కల మాత్రం విందు ఎంగిలి మూటలు రోడ్డు పక్కన పడితే వాటిని కెలికేది పశువులే. ఉప్పు, కూర వాసన తగిలిన ప్లాస్టిక్ కవరును ఆవు అన్నంతో పాటే మింగుతుంది. అది అరగదు, బయటికీ పోదు. కడుపులో పేరుకుని మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి. చివరకు పొట్ట కోసి తీయవలసి వస్తుంది.

ప్లాస్టిక్ లేకపోయినా ప్రమాదం తప్పదు. మిగిలిన అన్నం ఆవులకు పెడితే పుణ్యమన్న నమ్మకంతో గంపల కొద్దీ కుమ్మరించడం మన వైపు అలవాటు. అలవాటు లేని పశువు ఒక్కసారిగా ఎక్కువ అన్నం తింటే కడుపులో ఆమ్లం పెరిగి, మేత మానేసి, ఒక్కోసారి ప్రాణాలే పోతాయి. పశువైద్యులకు ఇది కొత్త విషయం కాదు. పెళ్లివారికే కొత్త. మిగిలిన అన్నాన్ని చల్లారకముందే వసతి గృహాలకో, అనాథాశ్రమాలకో చేర్చడానికి బండి, మనిషి, ఫోన్ నంబరు ముందురోజే సిద్ధం చేసుకోవాలి. ఎంగిలి మాత్రం ఆకులతో సహా ఎరువు గుంతలోకే పోవాలి. తోట యజమాని ఒప్పుకుంటే పందిరికి దూరంగా నడుము లోతు గుంత తీయించి, మట్టి కప్పుతూ పోతే చాలు.

స్థలం ఎంపికలోనూ ఒక జాగ్రత్త అవసరం. ఎండిన చెరువు గర్భం చదునుగా, విశాలంగా ఉండి వాహనాలు నిలపడానికి ఊరిస్తుంది. అక్కడ వదిలిన చెత్త తొలకరి వానకే తూము దగ్గరకు చేరుతుంది. ఈశాన్య రుతుపవనాల వల్ల ఇక్కడ అక్టోబరు, నవంబరుల్లో వానలు పడతాయి. కార్తీకంలో ఆరుబయట ముహూర్తం పెట్టుకునేవారు రేకుల షెడ్డో, బడి వరండానో అందుబాటులో ఉంచుకోక తప్పదు.

బంతిపూలు పారబోసి, ప్లాస్టిక్ పూలు కొని

కుప్పం, పలమనేరు ప్రాంతాల్లో బంతి, చామంతి, గులాబీ సాగు ఉంది. ధర పడిపోయిన రోజు కోత కూలి కూడా రాదని రైతు పూలను చేలోనే వదిలేస్తాడు. మదనపల్లె మార్కెట్లో టమాటా రైతు పడే పాట్లకు ఇది తమ్ముడి వంటిది. అదే రోజు పక్క ఊరి పెళ్లి వేదిక మీద ప్లాస్టిక్ పూల తెరలు వేలాడుతుంటాయి. పదిసార్లు వాడుకోవచ్చు కదా అని అలంకరణ గుత్తేదారు అంటాడు. అందులో కొంత నిజముంది. తెగిపోయిన రేకులు, జరీ కాగితం తునకలు, నురుగు అట్టలు మాత్రం ఆ పదిసార్లూ నేల పాలవుతూనే ఉంటాయి. నేరుగా చేనుకు వెళ్లి పూలు బేరం చేసుకుంటే పెళ్లివారికీ రైతుకూ గిట్టుబాటే. బంతిపూలకు ఏ కాలంలో ఎక్కడ ఎంత ధర ఉందో తెలుసుకోవడం ఫోన్ ఉన్నవారికి పెద్ద పని కాదు.

తాంబూలం సంచి సంగతీ చెప్పాలి. గుడ్డలా కనిపించే నాన్‌వోవెన్ సంచి కూడా ప్లాస్టిక్ పోగుతో చేసినదే. అది 60 జీఎస్ఎం కన్న పలుచగా ఉండరాదని 2021 సెప్టెంబరు 30 నుంచి నిబంధన ఉంది. తమిళనాడు 2021 డిసెంబరులో పసుపు గుడ్డ సంచిని మళ్లీ జనంలోకి తెచ్చే ఉద్యమం చేపట్టింది. ఆ సంచి అసలు పెళ్లి తాంబూలానిదే. కుప్పం పెళ్లిళ్లలో అది పరాయిది కాదు.

ఏనుగులున్న చోట డీజే

పలమనేరు, కుప్పం అడవుల్లో 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యం ఏనుగులకు నెలవు. పంట చేలపై వాటి దాడులు తగ్గించడానికి 2025 మే నెలలో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగులను మన రాష్ట్రానికి అప్పగించింది. ఇటువంటి అడవి అంచున రాత్రి విందు పెట్టి, అరటి చెట్లు నిలిపి, బాణసంచా కాల్చడం సాహసమే గానీ వేడుక కాదు. లౌడ్ స్పీకర్లకు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు అనుమతి లేదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలే చెబుతున్నాయి. సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉన్న హార్స్‌లీ హిల్స్‌లో ఏనుగుల బెడద లేకపోయినా, ఎంగిలి కోసం ఎగబడే కోతులున్నాయి. పగటి ముహూర్తం పెట్టుకుంటే జనరేటరు, దీపాల తోరణాలు, డీజే మూడింటి ఖర్చూ తగ్గుతుంది.

ఎవరిని అడగాలి?

ప్రయాణాల భారం మూడు పట్టణాలకూ ఒకటి కాదు. కుప్పం బెంగళూరు-చెన్నై రైలు మార్గం మీదే ఉంది. స్టేషన్ నుంచి రెండు బస్సులు మాట్లాడితే పది పన్నెండు గంటల కార్ల రద్దీ ఉండదు. మదనపల్లె రోడ్ స్టేషన్ ఊరికి దూరం. పుంగనూరుకు రైలే లేదు, ఆర్టీసీ అద్దె బస్సే ఆధారం.

చెత్త విషయంలో స్థానిక సంస్థల పాత్ర కీలకం. అనుమతి పొందిన వేదిక కాని చోట 100 మందికి మించి సమావేశమైతే కనీసం మూడు పని దినాల ముందు స్థానిక సంస్థకు తెలపాలని, చెత్తను వేరు చేసి అప్పగించాలని 2016 ఘన వ్యర్థాల నియమాలే పేర్కొన్నాయి. మామిడి తోట పెళ్లి ఇందులోకే వస్తుంది. పెళ్లికి ముందు పంచాయతీ కార్యాలయానికి చీటీ రాసి ఇచ్చే ఇంటిపెద్దలు ఎంతమంది? ఇచ్చినా, బండి పంపే ఏర్పాటు ఎన్ని పంచాయతీలకు ఉంది? కేరళలో శుచిత్వ మిషన్ ‘గ్రీన్ ప్రొటోకాల్’ పేరుతో పెళ్లిళ్లలోనూ వాడి పారవేసే వస్తువులను తగ్గించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. మన దగ్గర అంత దూరం వెళ్లనక్కర్లేదు. తోట అద్దెకిచ్చే యజమాని అడ్వాన్సులో కొంత మొత్తాన్ని పట్టి ఉంచి, మరునాడు స్థలం శుభ్రంగా అప్పగించాక తిరిగి ఇచ్చే షరతు రాసుకోవచ్చు. క్యాటరింగ్ ఒప్పందంలో పూత గ్లాసులు, చిన్న సీసాలు తేరాదన్న ఒక్క వాక్యం చేర్చవచ్చు. వంటకాల జాబితాపై మూడు సార్లు కూర్చుని బేరమాడే కుటుంబాలకు ఆ వాక్యం రాయించడం కష్టమేమీ కాదు.