తీసేసిన కాలి నొప్పికీ వైద్యం కావాలి

ఖాజాగూడ, నానక్‌రాంగూడ, రాయదుర్గం వాసులకు విజ్ఞప్తి

షుగర్ ముదిరి పాదం కుళ్ళినా, రోడ్డు ప్రమాదంలో ఎముక నుజ్జయినా, ప్రాణం దక్కాలంటే ఒక్కోసారి కాలు తీసేయక తప్పదు. పేదవాడికి ఆపరేషన్ ఖర్చు భరించడానికి ఆరోగ్యశ్రీ ఉంది. ఆ తర్వాత సదరం ధ్రువపత్రం, నెలకు 4,016 రూపాయల పింఛను, అదృష్టం బాగుంటే ఏ దాతలో ఇచ్చే కృత్రిమ కాలు. ఇక్కడితో మన బాధ్యత తీరిపోయిందని అందరం అనుకుంటున్నాం. కానీ ఇల్లంతా నిద్రపోయాక ఆ మనిషికి లేని పాదం సలపడం మొదలవుతుంది. బొటనవేలిని ఎవరో మెలిపెడుతున్నట్టు, మడమలో నిప్పు పెట్టినట్టు ఉంటుంది. పట్టుకుని నొక్కుకుందామని చెయ్యి చాపితే దుప్పటి తగులుతుంది. కాలు తీసే ఆపరేషన్‌కు డబ్బు కట్టే ప్రభుత్వం, దాని వెంట వచ్చే నొప్పికి చేసే వైద్యాన్ని కూడా ఆ ఆపరేషన్‌లో భాగంగానే లెక్కగట్టాలని ఈ కరపత్రం కోరుతోంది.

ఇది ఏ ఒక్కరికో వచ్చే వింత బాధ కాదు. పదహారో శతాబ్దంలోనే ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే దీని గురించి రాశాడు. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోయిన సైనికులను చూసిన వైద్యుడు వైర్ మిచెల్ 1871లో దీనికి ఫాంటమ్ అవయవం అని పేరు పెట్టాడు. 1984లో వెలువడిన, అవయవాలు కోల్పోయిన అమెరికా మాజీ సైనికుల మీద జరిగిన పెద్ద సర్వేలో, జవాబిచ్చినవాళ్ళలో నాలుగింట మూడు వంతులకు పైగా ఈ నొప్పి ఉందన్నారు. కారణం మనసులో లేదు, నరాల్లో ఉంది. తెగిన నరం చివర గడ్డలా పెరిగి తనంతట తానే సంకేతాలు పంపుతుంది. వెన్నుపాము ఆ సంకేతాలను పెంచుతుంది. మెదడులో పాదానికి కేటాయించిన చోటు పాదం పోయినా చెరిగిపోదు. ఇదిగాక మిగిలిన మొండికాలికే వచ్చే నొప్పి వేరే ఉంది. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి మొండికాలు కుంచించుకుపోతుంది కాబట్టి కృత్రిమ కాలిలో మొండికాలు దూర్చే సాకెట్ మొదట సరిపోయినా తర్వాత వదులై ఎముక చివర ఒరుసుకుంటుంది. అప్పుడు సాకెట్ సరిచేయాలి. నరం గడ్డను తాకితే జివ్వుమంటుంటే దానికి చికిత్స వేరు, లోపల చీము పట్టి ఉంటే దానికి వేరు. ఇవన్నీ విడదీసి చూసే డాక్టరు లేక, అన్నిటికీ కలిపి ఒక నొప్పి మాత్ర రాసిచ్చి పంపేయడం మామూలైపోయింది. ఆ మాత్రలు నెలల తరబడి మింగితే షుగర్ రోగి మూత్రపిండాల గతి ఏమిటో వేరే చెప్పాలా?

వైద్యం లేదా అంటే, ఉంది. ఎమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ లాంటి నరాల నొప్పి మందులున్నాయి. 1990ల్లో నరాల శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ వాడుకలోకి తెచ్చిన అద్దం పద్ధతి ఉంది. ఉన్న కాలి ప్రతిబింబాన్ని పోయిన కాలి స్థానంలో చూసుకుంటూ కదపడమే ఆ సాధన. 2007లో వెలువడిన అధ్యయనం ప్రకారం, అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో రోజుకు పావుగంట చొప్పున నాలుగు వారాలు అద్దం ముందు సాధన చేసిన ఆరుగురికీ నొప్పి తగ్గింది. ఆరుగురంటే చాలా చిన్న సంఖ్య, ఒప్పుకుంటాను. మందులన్నీ అందరికీ పనిచేయవన్నదీ నిజమే. కానీ ఒకటి పనిచేయకపోతే మరొకటి ప్రయత్నించే వైద్యుడు కావాలనడానికే అది సాక్ష్యం. నిలువెత్తు అద్దం ఖరీదు ఎంతని? ఇంకో సంగతి. ఆపరేషన్‌కు ముందు తీవ్రమైన నొప్పితో బాధపడినవాళ్ళకే తర్వాత ఫాంటమ్ నొప్పి వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే నొప్పి డాక్టరు రోగిని మొదటిసారి చూడాల్సింది కాలు తీయకముందు, వార్డులోనే.

ఈ విద్య మనకు కొత్తదీ కాదు, దూరానిదీ కాదు. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పీస్ ఇప్పుడు మన ఖాజాగూడలోనే ఉంది. అవసాన దశలో ఉన్నవారికి నొప్పి తగ్గించి, ఉచితంగా సేవ చేస్తోంది. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ (ఉపశమన వైద్య) విభాగం ఏళ్ళుగా నడుస్తోంది. మన జిల్లాలోని చేవెళ్ళలో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రం ఉంది. చనిపోతున్నవారి నొప్పిని ఇంత శ్రద్ధగా చూడగలుగుతున్నాం, ఇంకా ముప్పై ఏళ్ళు బతకాల్సినవాడి నొప్పిని ఎందుకు చూడం? కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికి ఒక పూట నొప్పి క్లినిక్ పెట్టి, అనుభవం ఉన్న ఈ సంస్థల సలహాతో నడపొచ్చు. మత్తు డాక్టరు, ఫిజియోథెరపిస్టు, సాకెట్ సరిచేసే నిపుణుడు ఒకే గదిలో ఉంటే చాలు. కొన్ని శస్త్రచికిత్సల తర్వాత ఏడాదిపాటు మందులు, పరీక్షలు ఇచ్చే ఫాలో-అప్ ప్యాకేజీలు ఆరోగ్యశ్రీకి అలవాటే. కాలు తొలగింపుకు కూడా నొప్పి వైద్యాన్ని, సాకెట్ మార్పును స్పష్టంగా పేర్కొన్న ప్యాకేజీ కావాలి.

నొప్పిని కొలిచే యంత్రం లేదు, దొంగ నొప్పులు పుట్టుకొస్తాయి అనేవారున్నారు. పింఛను విషయంలో ఆ భయానికి అర్థముంది. అందుకే పింఛనుకు లెక్కగట్టే వైకల్య శాతం పెంచమని అడగడం లేదు. కాలు ఎక్కడ తెగిందన్నదాన్ని బట్టి శాతం వేసే పద్ధతి అలాగే ఉండనివ్వండి. అడుగుతున్నది వైద్యం. అద్దం ముందు కూర్చోవడానికి దొంగనొప్పి నటించేవాడు ఎవడు? కొలతకు అందకపోయినా నొప్పి కూడా జబ్బే: ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో 2022 నుంచి అమల్లో ఉన్న పదకొండో కూర్పు దీర్ఘకాలిక నొప్పికి విడిగా కోడ్‌లే ఇచ్చింది. మార్ఫిన్ అలవాటవుతుందన్న భయం మరొకటి. ఈ నొప్పికి మొదట వాడే మందులు మార్ఫిన్ జాతివి కావు. అది అవసరమైన కొద్దిమందికి కూడా 2014లో సవరించిన మాదకద్రవ్యాల చట్టం దారి చూపింది. ఇక డబ్బంటారా, నిద్ర లేక పనికి పోలేని మనిషి, అతన్ని కనిపెట్టుకుని పని మానుకున్న భార్య, నొప్పి వల్ల తొడుక్కోలేక మంచం కింద పడేసిన కృత్రిమ కాలు, వీటి ఖర్చు ఇప్పటికే పెడుతున్నాం.

మనకు గెలుపు కథలు ఇష్టం. జైపూర్ కాలితో నాట్యం చేసిన సుధా చంద్రన్‌ను "మయూరి" సినిమాలో చూసి తెలుగునాడంతా చప్పట్లు కొట్టింది. కొట్టాల్సిందే. కానీ కాలు తగిలిస్తే కథ సుఖాంతమన్న నమ్మకం కూడా అప్పటినుంచీ మనలో పాతుకుపోయింది. నొప్పి అన్నవాడికి ధైర్యం చాలలేదని ముద్ర వేస్తున్నాం.

ఈ కోరికలతో అర్జీ పెట్టుకోవడానికి సోమవారాల్లో కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. మన కలెక్టరేట్ కొంగర కలాన్‌లో ఉంది. ఒంటికాలి మనిషి ఖాజాగూడ నుంచి అక్కడిదాకా ఎలా వెళ్ళాలో ఇంకో కరపత్రం రాయాలి! వెళ్ళలేనివారి తరఫున ఇంటివాళ్ళో పొరుగువాళ్ళో అర్జీ ఇవ్వండి. కొండాపూర్ ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు ఒక ప్రతి అందజేయండి. అర్జీలో కాలు తీసిన తేదీతో పాటు నొప్పి ఎప్పటినుంచి ఉందో, ఏ మందులు వాడుతున్నారో, రాత్రికి ఎన్ని గంటలు నిద్ర పడుతోందో కూడా తప్పక రాయండి.