నల్లమల వాచర్లు ఊళ్లోకి వస్తే
కర్నూలు, కడపల్లో ఎండాకాలం పార్కుకు జనం వచ్చేది పొద్దు గూకాకే. 40 డిగ్రీల ఎండ దిగి, ఆడవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరే వేళకు చాలాచోట్ల వాచ్‌మన్ తాళంచెవులు వెతుక్కుంటుంటాడు, వెనక గోడవైపు లైటు వెలగదు. ఇంకో నాలుగు సీసీ కెమెరాలు బిగిస్తే సరిపోతుందనేవాళ్లు హైదరాబాద్ కేబీఆర్ పార్కు సంగతి గుర్తు తెచ్చుకోవాలి. 2014 నవంబరు 19న ఉదయం నడక ముగించి కారెక్కిన ఓ పారిశ్రామికవేత్తపై అక్కడ ఏకే-47 పేలింది. 2021 నవంబరులో రాత్రిపూట ఓ సినీనటిపై దాడి జరిగింది. రెండూ కంచె బయటే! లోపల అటవీశాఖ, బయటి నడకదారి జీహెచ్‌ఎంసీ, నేరం జరిగాక పోలీసులు. ఈ పంపకాల సందుల్లోనే దుండగుడు దూరేది. వాటిని పూడ్చేది కెమెరాలు కాదు, కాపలా తిరిగే మనుషులు. న్యూయార్క్ నగరం 1979లోనే పార్కులకు రేంజర్లను పెట్టుకుంది. అంత దూరం దేనికి? ఆత్మకూరు వైపు నల్లమల పులుల అడవిలో చెంచులే ప్రొటెక్షన్ వాచర్లుగా బేస్ క్యాంపుల్లో ఉంటూ కాలినడకన అడవిని గాలిస్తున్నారు. పులికి పెట్టిన పహారా మనుషులకు లేకపోవడం విడ్డూరం. కర్నూలు దగ్గరి గార్గేయపురం నగరవనం అటవీశాఖదే కాబట్టి ఈ పహారా అక్కడే మొదలుపెట్టవచ్చు. వాచర్లు ఇద్దరిద్దరు చొప్పున, ఒకరు తప్పక మహిళ, చేతిలో టార్చి, వాకీటాకీ. కంచెకు లోపలా బయటా తిరగాలి. లాఠీ అక్కర్లేదు. జంటల్ని బెదిరించి డబ్బు గుంజే బుద్ధి అసలే అక్కర్లేదు. కర్నూలు, కడప కార్పొరేషన్లు కొత్త ఫౌంటెన్లకు పద్దు రాసేముందు ఈ వాచర్ల జీతాలకు రాయాలి.