కొలత ఎవరిది?

మా అక్క కొడుకు అమెరికాలో ఇంజనీరు. మొన్న ఆదివారం పొద్దున్నే ఫోను చేసి, "మామా, ఇంట్లో బీరు చేశాను, మొదటిసారి! అదీ మన జొన్నలతో. అవ్వకు చెప్పు" అన్నాడు. వేరే చెప్పే పని లేకపోయింది. మా అమ్మ పక్కనే కూర్చుని జొన్నలు చెరుగుతోంది. చాట ఆగింది.

మాది జొన్నగిరి. పేరులోనే జొన్న ఉంది. తొలకరి వాన పడితే ఎక్కడెక్కడి జనమో వచ్చి మా చేలల్లో వజ్రాలు వెతుక్కుంటారు గాని, మమ్మల్ని పెంచింది మాత్రం జొన్నే. ఆ జొన్నను మందుగా మార్చాడంటే అమ్మకు మండదూ? ఆమె అన్న సారాయికోసం ఉన్న పొలమంతా అమ్ముకుని, నలభై నిండకుండానే పోయాడు. "ఒకణ్ణి మింగింది చాలలేదా?" అని మాత్రం అని, మళ్ళీ చాట అందుకుంది.

వాడు కంగారుపడి అంతా వివరించబోయాడు. జొన్నలను మొలకెత్తించి ఎండబెడితే గింజలోని పిండిని చక్కెరగా మార్చే శక్తి పుడుతుంది. ఆ గింజలను రవ్వగా విసిరి, కొలిచిన వేడినీళ్ళలో నానబెట్టి, తియ్యనీళ్ళు వడగడతారు. చేదుకోసం హాప్స్ అనే తీగ పువ్వులు వేసి మరిగించి, చల్లారాక ఈస్టు కలుపుతారు. ఈస్టు చక్కెరను తిని, మత్తునిచ్చే ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. ఆ పని ముగిసేదాకా వారం పదిరోజులైనా ఓపిక పట్టాలి. మావాడు నాలుగోనాడే సీసాల్లో పోసి బిరడాలు బిగించాడు. లోపల పులియడం ఆగితే గదా! అర్ధరాత్రి మూడు సీసాలు టపాకాయల్లా పేలాయి.

అమ్మ చాట కింద పెట్టింది. "మొలకెత్తిన జొన్నలా? నాము గదరా అది!"

కోసిన చేలో మళ్ళీ లేచిన లేత జొన్నపిలకలు మేస్తే గొడ్డు ఉన్నచోటనే కూలిపోతుంది. దానినే నాము అంటారు. ఆ విషం మొలకలోనూ ఉంటుంది. అందుకే ఎండిన మొలకలూ వేళ్ళూ నలిచి తీసేసి గింజను మాత్రమే వాడాలి. వాడికి పుస్తకం చెప్పిన సంగతి అమ్మకు చేను చెప్పింది.

సందు దొరికింది గదా అని నేను అందుకున్నాను. "అమ్మా, నీ అంబలికుండా రాత్రంతా పులిసేదే గదా! మొలకెత్తించని పిండి గనక అందులో చక్కెర తక్కువ; పాలను పెరుగు చేసే జాతి సూక్ష్మజీవులు చేరి పులుపెక్కిస్తాయి. పొద్దున నువ్వు కాచేస్తావు. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో ఆడవాళ్ళు ఇదే జొన్నను మొలకెత్తించి డోలో అనే బీరు కాస్తారు. ఇంతెందుకు, మన పక్కనున్న ఎర్రగుడి బండమీద శాసనాలు చెక్కించిన అశోకుడి తాతకు మంత్రి అని చెప్పుకునే కౌటిల్యుడు కూడా, శుభకార్యాలకు గృహస్థులు తెల్లసుర చేసుకోవచ్చునని అర్థశాస్త్రంలో రాశాడు."

"పాఠం కాలేజీలో చెప్పుకో" అంది అమ్మ. "వాణ్ణి పోలీసులు పట్టుకోరా?"

అడగవలసిన ప్రశ్నే. ఇక్కడైతే 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఇంట్లో బీరు చేయడం నేరం. అమెరికాలో 1978లో చేసిన చట్టం దీనికి దారి ఇచ్చింది. అమ్మకుండా ఇంటి వాడకానికైతే, ఒక్క పెద్దమనిషి ఉన్న ఇంట్లో ఏడాదికి నూరు గాలన్లు, ఇద్దరున్నచోట రెండువందలు చేసుకోవచ్చు.

"నూరు గాలన్లంటే ఎంతరా?" అని అమ్మ మనవణ్ణే అడిగింది.

"దగ్గర దగ్గర మూడువందల ఎనభై లీటర్లవ్వా."

అమ్మ వేళ్ళమీద లెక్క వేసుకుంది. "ఇరవై బిందెలు! అది మీ సర్కారు కొలత. నీ కొలత ఎంత?"

వాడు నవ్వబోయి మానుకున్నాడు. "ఇంకా అనుకోలేదవ్వా."

"అయితే ముందు అది అనుకో నాయనా, ఆ తరవాత సీసాలు కడుక్కో. మా అన్నా అనుకోలేదు."

ఫోనుకు అటుపక్క వాడూ, ఇటుపక్క నేనూ కాసేపు మాట్లాడలేకపోయాము. అమ్మ లేచి అంబలికుండ మీద మూత సరిచేసి వచ్చింది.