వెనుక నిలిచేవాడేడీ?

1962 జకార్తా ఆసియా క్రీడల అంతిమ పోటీలో భారత్ దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. ఆనాడు జర్నైల్ సింగ్ కొట్టిన గోలును నేటికీ కీర్తిస్తాము. తలకు కుట్లు పడిన ఆ రక్షకుణ్ణి ముందు వరుసకు పంపిన హైదరాబాదు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహసాన్నీ మెచ్చుకుంటాము. మరి అతని స్థానంలో వెనుక నిలిచిన అరుణ్ ఘోష్‌ను తలచేదెవరు? అటువంటివాడు లేకుంటే అది దుస్సాహసమయ్యేది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మైదానాలలో బంతి కదిలితే చాలు, పిల్లలందరూ గోలువైపే పరుగెత్తుతారు. వెనుక మిగిలేది ఒక్కడే. వాడి కాలు బెణికితే ఆట ముగిసినట్టే. బహుమతులన్నీ గోలు కొట్టినవాడికే పంచిపెట్టిన మా ఉపాధ్యాయులదే ఆ తప్పు. ఇకనైనా ప్రతి రక్షకుడికీ ఒక జోడును సిద్ధంచేద్దాం. ఇద్దరికీ చప్పట్లు కొడదాం. ఏమంటారు మిత్రులారా?