స్కోరు పంపకపోయినా ఫర్వాలేదు, మెమో దిద్దకూడదు

ఫాల్‌లో అమెరికా వెళ్లాలనుకునే పిల్లలకు డిసెంబరు, జనవరి నెలలే గండం. చాలా యూనివర్సిటీల గడువులు అప్పుడే ముగుస్తాయి. ఆ హడావిడిలో ఇళ్లలో తరచూ వినిపించే ప్రశ్న: జీఆర్‌ఈ స్కోరు బాగా రాలేదు, పెట్టాలా మానాలా? దీనికి జవాబు చెప్పడం కష్టమేమీ కాదు. ప్రమాదమల్లా దీని వేషం వేసుకుని పక్కన వచ్చి కూర్చునే రెండో ప్రశ్నతోనే.

మా తమ్ముడి కొడుకుతో ఈమధ్య ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. వాడికి జీఆర్‌ఈలో 292. కౌన్సెలర్ కుర్రాడు కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే "అది వదిలెయ్ తమ్ముడూ, ఆప్షనల్ ఉన్నవాటికే వేద్దాం" అన్నాడు. మంచి సలహాయే. ఆ వెంటనే, అదే గొంతుతో, "సప్లీలెన్ని? తొమ్మిదా? అవీ మేం చూసుకుంటాంలే" అన్నాడు. మొదటి మాట విద్యార్థి హక్కు గురించి. రెండోది నేరానికి పిలుపు. ఆ కుర్రాడికి తేడా తెలియదని నేననుకోను. మావాడికే తెలియలేదు. "స్కోరూ దాస్తున్నాం, సప్లీలూ దాస్తున్నాం, రెండూ ఒకటే కదా పెదనాన్నా" అన్నాడు మెట్లు దిగుతూ.

ఒకటి కాదు. స్కోరు పంపకుండా ఉండే వెసులుబాటు పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థే ఇచ్చింది. పరీక్ష అయిపోగానే రిపోర్ట్ చేయాలా, క్యాన్సిల్ చేయాలా అని స్క్రీన్ మీద అడుగుతుంది. రిపోర్ట్ నొక్కితేనే వెర్బల్, క్వాంట్ మార్కులు కనిపిస్తాయి. రిపోర్ట్ అన్న మాట చూసి, స్కోరు అన్ని యూనివర్సిటీలకూ వెళ్లిపోతుందని బెదిరి క్యాన్సిల్ నొక్కేసేవాళ్లున్నారు. ఎక్కడికీ వెళ్లదు. ఎవరికి పంపాలో మీరే ఎంచుకోవాలి. ఆ రోజు నాలుగు చోట్లకు ఉచితంగా పంపవచ్చు, ఒక్కచోటుకీ పంపకపోయినా అడిగేవాళ్లు లేరు. పొరపాటున క్యాన్సిల్ చేసినా 60 రోజుల్లోగా రుసుము కట్టి తిరిగి తెచ్చుకోవచ్చు. స్కోరు 5 ఏళ్లు చెల్లుతుంది. నచ్చిన పరీక్షదే పంపుకోవచ్చు, కాకపోతే ఒకసారి రాసినదాంట్లో క్వాంట్, మరోసారి రాసినదాంట్లో వెర్బల్ ఏరుకోవడం కుదరదు. మళ్లీ రాయాలంటే 21 రోజులు ఆగాలి.

ఇక పెట్టాలా మానాలా అన్నది యూనివర్సిటీ పేరు చూసి తేల్చేది కాదు, డిపార్ట్‌మెంట్ పేజీలో ఏ మాట రాసి ఉందో చూసి తేల్చేది. 'రిక్వైర్డ్' అంటే పెట్టి తీరాలి. 'నాట్ కన్సిడర్డ్' అంటే 330 వచ్చినా చూడరు. 'ఆప్షనల్' దగ్గరే లెక్క వేసుకోవాలి. మొత్తం స్కోరు చూసి నీరుగారిపోకూడదు. ఇంజినీరింగ్‌లో ముందు చూసేది క్వాంట్. సీజీపీఏ 6.5 దగ్గర ఆగిపోయి, క్వాంట్‌లో 164 వచ్చినవాడు వెర్బల్ తక్కువని స్కోరు దాచుకుంటే చేతిలో ఉన్న ఒక్క మంచి ముక్కనూ పారేసుకున్నట్టే. మావాడికి క్వాంట్ 151. పంపకపోవడమే మేలు. అయితే స్కోరు లేని ఫైలులో చూపంతా మార్కుల మీదికి వెళుతుంది, అది తెలిసే మానాలి.

అమెరికాలోనే పుట్టి పెరుగుతున్న మన పిల్లల సంగతీ ఇంతే. కోవిడ్ సమయంలో చాలా కాలేజీలు సాట్‌ను ఆప్షనల్ చేశాయి. ఎంఐటీ 2022లోనే దాన్ని మళ్లీ తప్పనిసరి చేసింది, తర్వాత డార్ట్‌మత్, హార్వర్డ్ అదే దారి పట్టాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు అడ్మిషన్‌కు సాట్‌ను అసలు లెక్కలోకే తీసుకోవు. పక్కింటి అక్క రెండేళ్ల కిందట ఏం చేసిందో చూసి నిర్ణయించుకుంటే మునుగుతారు.

ఇప్పుడా రెండో ప్రశ్న: సప్లీలూ దాచవచ్చా? మార్కుల మెమోలకు ఆప్షనల్ అన్న మాటే లేదు. ప్రతి మెమో మీదా పరీక్ష జరిగిన నెల, సంవత్సరం ఉంటాయి. ఏ సబ్జెక్టు ఎప్పుడు గట్టెక్కామో అదే చెబుతుంది. సప్లీలు రాసినందుకు ఎవరూ జైల్లో వేయరు, రెండు వాక్యాల్లో కారణం చెప్పుకోవచ్చు. కాగితం దిద్దితే మాత్రం కథ వేరు. అమెరికాలోని లీహై యూనివర్సిటీలో నకిలీ పత్రాలతో సీటు, స్కాలర్‌షిప్ పొందిన భారతీయ విద్యార్థి ఒకరు ఏడాది తిరక్కుండానే, 2024లో, అరెస్టయ్యాడు. చదువు పోయింది, ఇంటిదారి పట్టాడు. వీసా దగ్గర ఇంకా కఠినం. కీలకమైన విషయంలో తెలిసి అబద్ధమాడితే అమెరికా వలస చట్టం ప్రకారం ఆ దేశంలో అడుగుపెట్టే అర్హత శాశ్వతంగా పోతుంది. మినహాయింపులు బహు తక్కువ. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఆఫీసర్ జీఆర్‌ఈ సంగతి అడిగితే "రాశాను, 292 వచ్చింది, ఈ కోర్సుకు అక్కర్లేదన్నారు" అని చెప్పడానికి సిగ్గెందుకు? రాయలేదనడం దేనికి?

తల్లిదండ్రులు ఈ రాత్రే ఒక పని చేయాలి. పిల్లల అప్లికేషన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉన్నాయో అడగండి. చాలాచోట్ల కన్సల్టెన్సీ వాళ్లే తమ ఈమెయిల్‌తో ఖాతా తెరుస్తున్నారు. అక్కడ పిల్లవాడి పేరు మీద ఏం ఎక్కించినా బాధ్యత పిల్లవాడిదే, ఎందుకంటే నిజమేనని ఒప్పుకుంటూ సంతకం పెట్టేది వాడు.

మావాడి పాస్‌వర్డ్ రావడానికి నాలుగు రోజులు పట్టింది. "అది మా దగ్గరే ఉంటుంది సార్, మీకెందుకు" అన్నారు మొదట. తెరిచి, ఎక్కించిన మెమో పీడీఎఫ్ చూశాం. సీజీపీఏ 6.4 ఉండాల్సిన చోట 7.4 ఉంది. ఆ ఏడు పక్కనున్న అంకెల కన్నా కాస్త నల్లగా కనిపిస్తోంది. సబ్మిట్ ఇంకా నొక్కలేదు.